అమలాపురం నైట్ స్లీపర్: బెర్తుకు నాలుగు స్టార్లు, పికప్ పాయింటుకు ఒకటి

హైదరాబాద్ నుంచి అమలాపురం వెళ్లే ప్రైవేటు ఏసీ స్లీపర్ బస్సు గురించి రాస్తున్నాను. ట్రావెల్స్ పేరు గానీ టికెట్ కొన్న యాప్ పేరు గానీ రాయడం లేదు. ఈ రూట్లో తిరిగే బస్సులు చాలావరకు ఇదే పద్ధతిలో నడుస్తున్నాయి, ఒకరి పేరు రాస్తే మిగతావాళ్లంతా బాగా చేస్తున్నారని అర్థం వస్తుంది. బస్సు రివ్యూ అనగానే అందరూ సీటు ఎలా ఉంది, ఏసీ పనిచేసిందా, టైముకు దింపారా అని రాస్తారు. అవన్నీ రాస్తాను గానీ ముందు ఇంకోటి చెప్పాలి. డబ్బు కట్టిన దగ్గర్నుంచి బస్సు మెట్టు ఎక్కేదాకా, ముఖ్యంగా ఆ చివరి గంట, రాత్రిపూట సంచులతో రోడ్డు పక్కన నిలబడ్డ మనిషిని వీళ్లు ఎలా చూస్తున్నారన్నదాన్ని బట్టే నేను మార్కులు వేస్తున్నాను. ఆ గంటలోనే ఈ సర్వీసు ఫెయిలవుతోంది.

మా వైపు మనుషులకు బస్సు తప్పనిసరి. అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది, మధ్యలో గోదావరి మూడు పాయలూ గౌతమి, వైనతేయ, వసిష్ఠ దాటాలి, నదిలో స్తంభాలు లేచాయి గానీ రైలు మాత్రం ఇంకా రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది, అమలాపురం జిల్లా కేంద్రమైంది, అయినా హైదరాబాద్ నుంచి రైల్లో రావాలంటే రాజమండ్రిలోనో పాలకొల్లులోనో దిగి మళ్లీ బస్సో కారో పట్టుకోవాలి. పిల్లల్ని, సామాన్లని, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకుని తెల్లవారుజామున అలా మారడం ఎవరికి కుదురుతుంది? అందుకే కూకట్‌పల్లి, మియాపూర్, బీహెచ్‌ఈఎల్ వైపు ఉండే కోనసీమ వాళ్లంతా రాత్రి బస్సు ఎక్కుతారు. ఇంత నమ్మకంగా ఎక్కే జనం ఉన్న రూటు కాబట్టే ఇంత బాధగా రాస్తున్నాను.

ముందు యాప్ సంగతి. టికెట్ కొనడం వరకు నిజంగా బాగుంది. ఏ బెర్తు ఖాళీగా ఉందో బొమ్మలో కనిపిస్తుంది, ఆడవాళ్లు బుక్ చేసుకున్న బెర్తు గులాబీ రంగులో ఉంటుంది, పక్కన మగవాళ్లకు ఇవ్వదు, సింగిల్ లోయర్‌కి ఒక రేటు, డబుల్ అప్పర్‌కి ఒక రేటు. ఇదివరకు ట్రావెల్స్ ఆఫీసుకెళ్లి కుర్రాడు పెన్నుతో గళ్లు నింపుతుంటే మనకు ఏ బెర్తు పడుతుందోనని చూస్తూ కూర్చునే రోజులతో పోలిస్తే ఇది ఎంతో మేలు. డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. బెర్తు ధర ఒకటి కనిపిస్తుంది, ఏసీ బస్సు కాబట్టి 5 శాతం జీఎస్టీ కలుస్తుంది, అది సరే. ఆ కింద ట్రిప్ ఇన్సూరెన్స్, దాని కింద ఫ్రీ క్యాన్సిలేషన్ అని ఇంకోటి, రెండిటికీ మనం ముట్టుకోకుండానే టిక్ పెట్టి ఉంది. పేరుకు ఫ్రీ క్యాన్సిలేషన్, దానికి విడిగా డబ్బులు. ఇలా అడగకుండా బిల్లులో కలపడం కుదరదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే యాప్ మాయలు) మార్గదర్శకాల్లోనే ఉంది, అందులో చెప్పిన 13 రకాల్లో ఇదొకటి. టిక్ తీసేస్తే పోతుంది గానీ ఇంట్లో పెద్దవాళ్లు చేసుకుంటే తీస్తారా? వాళ్లకు అది టికెట్‌లో భాగంలాగే కనిపిస్తుంది.

ఇక పికప్ పాయింటు. టికెట్ మీద ఉన్నది ఇంతే: కేపీహెచ్‌బీ, మెట్రో స్టేషన్ దగ్గర, రాత్రి 8:40. ఆ రోడ్డు తెలిసినవాళ్లకు ఇది ఎంత అన్యాయమైన అడ్రసో అర్థమవుతుంది. స్టేషన్ రోడ్డుకు రెండు వైపులా దిగుతుంది, కింద అటూ ఇటూ సర్వీసు రోడ్డులాంటి సందులు, ఆటోలు, ముంతమసాలా బండ్లు, షాపింగ్ నుంచి వచ్చేవాళ్లు, ఇంకా పది ట్రావెల్స్ వాళ్ల బస్సులు అదే టైముకి. మ్యాప్‌లో పిన్ను సరిగ్గా రోడ్డు మధ్యలో మెట్రో ట్రాక్ మీద పడింది. మధ్యలో డివైడర్, అవతలికి వెళ్లాలంటే స్టేషన్ మెట్లెక్కి దిగాలి, చేతిలో రెండు బ్యాగులు. ఏ వైపు నిలబడాలో టికెట్ చెప్పదు, యాప్ చెప్పదు, కస్టమర్ కేర్ నంబరుకు చేస్తే తెలుగు కోసం ఒకటి నొక్కమని, తర్వాత ప్రయాణం గురించి అయితే రెండు నొక్కమని, చివరికి మీ డ్రైవర్ నంబరు మెసేజ్‌లో వస్తుందని చెప్పి పెట్టేసింది.

మెసేజ్ వచ్చింది, అందులో బస్సు నంబరు, ఫోన్ నంబరు, ట్రాకింగ్ లింకు. లింకు తెరిస్తే బస్సు ఊరి అటు చివర ఉండే ఎల్బీనగర్ అవతల కదలకుండా ఆగి ఉన్నట్టు చూపిస్తోంది. నా పక్కన నిలబడ్డ ఒక అబ్బాయికైతే ముఖంలో రంగు పోయింది, బస్సు వెళ్లిపోయిందనుకున్నాడు. అసలు విషయం ఏమిటంటే జీపీఎస్ పరికరం పెద్ద బస్సులో ఉంటుంది, కేపీహెచ్‌బీ దగ్గరికి వచ్చేది పెద్ద బస్సు కాదు, అందర్నీ ఏరుకుని ఎల్బీనగర్ దాకా తీసుకెళ్లే పికప్ వ్యాను. వ్యానులో జీపీఎస్ లేదు, వ్యాను నంబరు మెసేజ్‌లో లేదు, వ్యాను వస్తుందన్న ముక్కే టికెట్‌లో ఎక్కడా లేదు. అంటే మనం ట్రాక్ చేస్తున్నది మనం ఎక్కబోయే బండిని కాదు. ఇంత మంచి టెక్నాలజీ పెట్టి, జనానికి ఒక్క లైను చెప్పకపోవడం వల్ల అది భరోసా ఇవ్వాల్సింది పోయి టెన్షన్ పెడుతోంది.

డ్రైవర్‌కి ఫోన్ చేశాను. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఈ రూట్లో ఎక్కిన ప్రతివాళ్లకూ ఇవి బాగా తెలిసిన మాటలే.

"ఎక్కడున్నారు సార్?"

"కేపీహెచ్‌బీ మెట్రో కింద అన్నా, మియాపూర్ నుంచి వచ్చే వైపు."

"అక్కడ ఆపనీరు సార్. కొంచెం ముందుకి రండి, బంకు దాటాక."

"ఏ బంకు? ఇక్కడ రెండున్నాయి."

"పిల్లర్ నంబర్ చూడండి సార్, మీ ఎదురుగా మెట్రో పిల్లర్ మీద రాసుంటది."

అంతే, పిల్లర్ నంబరు చెప్పగానే అరనిమిషంలో సమస్య తీరిపోయింది, ఇంకెన్ని పిల్లర్లు ముందుకి రావాలో చెప్పాడు, వెళ్లి నిలబడ్డాం, వ్యాను వచ్చి అక్కడే ఆగింది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఆ రోడ్డు పొడుగునా మెట్రో పిల్లర్లున్నాయి, ప్రతి పిల్లర్ మీదా పెద్దక్షరాల్లో నంబరుంది, హైదరాబాద్‌లో హోటల్ అడ్రసైనా ఆసుపత్రి అడ్రసైనా జనం ఇప్పుడు పిల్లర్ నంబరుతోనే చెప్పుకుంటున్నారు. డ్రైవర్‌కి తెలుసు, ఆటోవాళ్లకు తెలుసు, టిఫిన్ బండి ఆయనకు తెలుసు. టికెట్ అచ్చువేసే వాళ్లకు మాత్రం ఎందుకు తెలియదు? పికప్ పాయింటు పేరు పక్కన రోడ్డుకు ఏ వైపో, ఏ పిల్లర్ నంబరో రాస్తే చాలు. పైసా ఖర్చు లేని పని.

ఆ రోజు అక్కడ ఒక పెద్దావిడ కూడా ఉన్నారు. నాకు ఈ రివ్యూ రాయాలనిపించింది ఆవిడ వల్లే. ఒక చేతిలో జిప్పు బ్యాగు, ఇంకో చేతిలో చీర కొంగుతో పట్టుకున్న స్టీలు క్యారేజీ, భుజానికి ఇంకో సంచి. బస్సు వచ్చినప్పుడల్లా కింద పెట్టినవన్నీ ఎత్తుకుని దాని ముందుకు నడవడం, అద్దం మీద మెరిసే బోర్డు చూడడం, అది చదవలేక తలుపు దగ్గరికెళ్లి అడగడం, మళ్లీ వెనక్కి రావడం. బోర్డుల మీద ట్రావెల్స్ పేరు ఇంగ్లీషులో పరుగులు పెడుతుంటుంది, ఏ ఊరు వెళ్తుందో ఉండదు, ఉన్నా తెలుగులో ఉండదు. చివరికి నా దగ్గరికి వచ్చి "బాబూ, అమలాపురం బస్సు ఇక్కడికే వత్తాదా?" అన్నారు. "నేనూ అదే బస్సుకేనండి, ఇక్కడ కూర్చోండి పిన్నిగారూ, వచ్చాక నేను చెప్తాను" అని ఫోను చూపించమన్నాను. వాట్సాప్‌లో టికెట్ ఫొటో ఉంది. కొడుకు అమెరికా నుంచి బుక్ చేశాడు. యాప్ ఇండియా నంబరు అడుగుతుంది కదా, బెంగళూరులో ఉండే మేనల్లుడి నంబరు ఇచ్చాడు. డ్రైవర్ నంబరు, ట్రాకింగ్ లింకు, బస్సు పది నిమిషాల్లో వస్తుందన్న మెసేజ్ అన్నీ ఆ మేనల్లుడికి వెళ్తున్నాయి, అతను ఫోను ఎత్తడం లేదు. రోడ్డు మీద నిలబడ్డావిడ చేతిలో ఫోను ఉంది, చార్జింగ్ ఉంది, సిగ్నలుంది, కానీ ఆ ఫోనుకు ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

ఇది ఆవిడ ఒక్కరి కథ కాదు. మన ఇళ్లల్లో ఎంతమంది పిల్లలు డాలస్ నుంచో బెంగళూరు నుంచో అమ్మానాన్నలకు టికెట్లు తీస్తున్నారో చూడండి. ప్రయాణం చేసేది ఒకరు, బుక్ చేసేది ఒకరు అనేది మన దగ్గర మామూలు విషయం. ప్రయాణికుడి పేరు, వయసు, ఆడా మగా అన్నీ అడిగే యాప్ ప్రయాణికుడి ఫోను నంబరు విడిగా ఎందుకు అడగదు? ఒక గడి ఎక్కువ పెట్టి, ఆ నంబరుకు కూడా తెలుగులో ఒక మెసేజ్, వీలైతే ఒక వాయిస్ కాల్ పంపితే సరిపోతుంది. అరవై దాటిన వయసు కనబడితే వ్యాను డ్రైవరే ఒకసారి ఫోను చేసి మాట్లాడేలా పెట్టొచ్చు. అప్పటిదాకా, పిల్లలు టికెట్ తీసేటప్పుడు దయచేసి కాంటాక్ట్ నంబరు దగ్గర అమ్మదో నాన్నదో ఇవ్వండి, మీకు రావలసిన టికెట్ ఈమెయిల్‌లో ఎలాగూ వస్తుంది.

వ్యాను గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పన్నెండు మంది పట్టే బండిలో ఇంకా ఎక్కువమంది, సామాన్లు ఒళ్లో, అమీర్‌పేట, లక్డీకాపూల్, దిల్‌సుఖ్‌నగర్ అన్నీ ఆగుతూ ఎల్బీనగర్ చేరేసరికి పది దాటింది. స్లీపర్‌కి డబ్బు కట్టినవాళ్లు గంటన్నర మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలని ముందే తెలిస్తే చాలామంది మెట్రో ఎక్కి నేరుగా ఎల్బీనగర్ వెళ్లేవాళ్లు. అదే రోడ్డు పైన అదే రూటులో మెట్రో ఉంది, ట్రాఫిక్ లేకుండా తీసుకెళ్తుంది. ఈసారి నుంచి నేను అదే చేస్తాను, సామాను తక్కువ ఉన్నవాళ్లు మీరూ అదే చేయండి, పికప్ పాయింటుగా ఎల్బీనగరే పెట్టుకోండి.

ఇప్పుడు బస్సు. ఇక్కడ నాకు పెద్దగా కంప్లైంట్లు లేవు, మనస్ఫూర్తిగా చెప్తున్నాను, బాగుంది. దుప్పటి కవరులో సీలు వేసి ఇచ్చారు, ఉతికిన వాసన వచ్చింది. దిండు పల్చన. మంచినీళ్ల సీసా ఇచ్చారు. కర్టెను పూర్తిగా మూసుకుంటుంది, అయస్కాంతం బిళ్లలు పెట్టారు కాబట్టి బస్సు మలుపు తిరిగినప్పుడు తెరుచుకోలేదు, ఆడవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. చార్జింగ్ పాయింటు ఉంది గానీ లోపల పట్టు వదులైపోయింది, గుంతలో పడ్డప్పుడల్లా వైరు ఊడుతుంది, కాబట్టి ఫోను ఇంట్లోనే నింపుకుని ఎక్కండి. ఏసీ గాలి వచ్చే మూత తిప్పితే మూసుకోవాలి, నా బెర్తులో ఆ మూత రెక్క విరిగిపోయి ఎవరో మడిచిన కాగితం కుక్కి ఉంది, రాత్రి రెండింటికి కాగితం ఊడి చల్లగాలి సూటిగా మెడమీద కొట్టింది. అప్పర్ బెర్తు వాళ్లకు చలి ఇంకా ఎక్కువ, చిన్నపిల్లలుంటే లోయరే తీసుకోండి, స్వెటరు పెట్టుకోండి. వైఫై అని బస్సు మీద రాసి ఉంది, లోపల ఎవరికీ కలవలేదు.

హెడ్‌ఫోన్స్ లేకుండా రీల్స్ చూసే మనిషి ప్రతి బస్సులోనూ ఒకరుంటారు, ఇందులోనూ ఉన్నారు. కానీ ఈ బస్సు క్లీనర్ కుర్రాడి గురించి ప్రత్యేకంగా రాయాలి. వయసు ఇరవై కూడా ఉండవేమో. రీల్స్ ఆయన దగ్గరికెళ్లి "అన్నా, అందరూ పడుకున్నారు, సౌండ్ తగ్గించండి" అని మెల్లగా చెప్పి ఆపించాడు. పెద్దావిడకి కొడుకు తెలియక అప్పర్ బెర్తు తీశాడు, ఆ నిచ్చెన మెట్లు రెండే, కాలు పెట్టే చోటు అరచేయంత. ఆవిడ ఎక్కలేరని అడగకుండానే గమనించి, కింద ఉన్న ఒక కాలేజీ అమ్మాయిని అడిగి మార్పించాడు, క్యారేజీ పడిపోకుండా తన సీటు పక్కన పెట్టాడు. "పొద్దున నేను లేపుతానమ్మా, మీరు నిద్రపోండి" అన్నాడు. యాప్ చేయాల్సిన పనిలో సగం ఈ కుర్రాడు నోటితో చేస్తున్నాడు. నాలుగు స్టార్లలో రెండు అతనివే. యాజమాన్యం వాళ్లు చదువుతుంటే, అలాంటివాళ్లకు జీతం పెంచండి.

సూర్యాపేట దాటాక ఒక హోటల్ దగ్గర ఆపారు. పది నిమిషాలన్నారు, ఇరవై పట్టింది, అది ఎక్కడైనా ఉండేదే. టీ ఫర్వాలేదు. ఆడవాళ్ల బాత్రూములు రెండు, అందులో ఒకదానికి గడియ లేదు, ఆ టైముకి నాలుగు బస్సుల వాళ్లు క్యూలో ఉన్నారు. బస్సులో టాయిలెట్ ఉండదు, రాత్రంతా ఈ ఒక్క స్టాపు మీదే ఆధారపడాలి, చాలామంది ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసి ఎక్కుతారు. ట్రావెల్స్ వాళ్లకూ హోటల్ వాళ్లకూ ఒప్పందాలుంటాయి కదా, ఎక్కడ ఆపాలో వీళ్లే నిర్ణయిస్తారు కదా, భోజనం రేటు కంటే ముందు బాత్రూమ్ చూసి హోటల్ ఎంచుకుంటే వాళ్ల సొమ్మేం పోతుంది? దిగేటప్పుడు బస్సు నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి. వరసగా ఒకే రంగు బస్సులుంటాయి, నాగాలాండ్, అరుణాచల్, ఒడిశా ఇలా రకరకాల రాష్ట్రాల నంబర్లుంటాయి, చీకట్లో గుర్తుపట్టడం కష్టం.

ఇది చిన్న చిన్న ఇబ్బందుల రివ్యూనే గానీ ఒక పెద్ద విషయం వదలలేను. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు నుంచి వస్తున్న వోల్వో కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కాలి ఇంకెంతమంది పోయారో మనందరం చూశాం. రెండుసార్లూ నిద్రలో ఉన్న జనం. అందుకే నేను బెర్తు ఎక్కే ముందు అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో, వెనక ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో చూస్తాను. ఈ బస్సులో సుత్తులు ఉన్నాయి, సంతోషం. వెనక తలుపు దగ్గర మాత్రం దుప్పట్ల మూటలు, ఒక అట్టపెట్టె పెట్టి ఉన్నాయి. క్లీనర్‌కి చెప్తే తీసి డిక్కీలో పెట్టాడు, కానీ చెప్పేదాకా ఉండకూడదు కదా. విమానంలో లాగా బయల్దేరే ముందు రెండు నిమిషాలు, సుత్తి ఇక్కడ, తలుపు ఇక్కడ అని తెలుగులో చెప్పమనండి, ఎవరూ విసుక్కోరు. మీ బస్సులో చెప్పకపోతే మీరే అడగండి, పిల్లలకు చూపించండి.

పొద్దున సిద్ధాంతం బ్రిడ్జి మీద వెలుతురు వచ్చింది, రావులపాలెంలో సగం బస్సు ఖాళీ అయింది, కొత్తపేట మీదుగా అమలాపురం. టికెట్ మీద ఆరుంపావు, దిగేసరికి ఏడు. నేనైతే ఆ ముప్పావుగంటని ఆలస్యంగా లెక్కెయ్యను. మాట ప్రకారం కుర్రాడు పెద్దావిడని పావుగంట ముందే లేపాడు, క్యారేజీ చేతికిచ్చాడు.

తిరుగు ప్రయాణం అదే ట్రావెల్స్, అదే యాప్, కానీ అమలాపురంలో ఎక్కడం హైదరాబాద్‌లో ఎక్కడంలా లేదు. గడియారస్తంభం సెంటర్‌కి దగ్గర్లో వీళ్లకు చిన్న ఆఫీసుంది. ఒక బెంచీ, ఫ్యాను, కుండలో నీళ్లు, టేబుల్ దగ్గర ఒక పెద్దమనిషి, ఆయన ముందు కాగితం మీద అందరి పేర్లు, ఫోన్ నంబర్లు. రాని వాళ్లకు ఆయనే ఫోను చేస్తున్నాడు, "ఎక్కడున్నారండి, అంబాజీపేట దాటారా, కంగారు పడకండి, ఆపుతాను లెండి" అని. బస్సు వచ్చాక పేరు పిలిచి ఎక్కించాడు. ట్రాకింగ్ లింకు ఆ రోజు ఎవరూ తెరిచి ఉండరు, అవసరం పడలేదు. హైదరాబాద్‌లో ప్రతి పికప్ దగ్గరా ఆఫీసు పెట్టమని అడగడం లేదు, అద్దెలు నాకూ తెలుసు. కానీ పెద్ద పాయింట్ల దగ్గర, కేపీహెచ్‌బీ, అమీర్‌పేట, ఎల్బీనగర్‌లో, సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ట్రావెల్స్ పేరున్న చొక్కా వేసుకుని చేతిలో లిస్టుతో ఒక మనిషి నిలబడితే చాలు. నాలుగు ట్రావెల్స్ కలిసి ఒక మనిషిని పెట్టుకున్నా సరే.

ఎల్బీనగర్‌లో తెల్లవారుజామున అయిదింటికి దింపారు. మెట్రో ఆరింటికి గానీ మొదలవదు. ఆటో యాప్‌లో బుక్ చేస్తే డ్రైవర్ ఫోను చేసి "ఎక్కడికి సార్, ఎంత చూపిస్తుంది, క్యాషా ఆన్‌లైనా" అని అడిగి క్యాన్సిల్ చేశాడు, ఇంకొకాయన కూడా అంతే. బయట ఆటోలు రెట్టింపు అడుగుతున్నాయి. గంట ఆగి మొదటి మెట్రో ఎక్కడమే నయం, మెట్ల దగ్గర నాలాంటివాళ్లు చాలామందే కూర్చుని ఉన్నారు. బస్సు అయిదింటికి చేరుతుందని తెలిసి ఎక్కేవాళ్లు ఈ గంటని లెక్కలో వేసుకోండి.

రేటు దగ్గరికి వద్దాం. మామూలు రోజుల్లో సింగిల్ లోయర్ ఏసీ స్లీపర్‌కి పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందనే అంటాను. సంక్రాంతికి మాత్రం అదే బెర్తు రేటు చూస్తే కడుపు మండుతుంది. ఈ బస్సులన్నీ కాంట్రాక్ట్ క్యారేజీ, టూరిస్ట్ పర్మిట్ల మీద నడుస్తాయి, ఆర్టీసీకి ఉన్నట్టు వీటికి ప్రభుత్వం నిర్ణయించిన చార్జీల పట్టిక ఉండదు, అందుకే పండగ వారంలో రవాణా శాఖ వాళ్లు రోడ్డు మీద ఆపి కేసులు రాస్తున్నా మరుసటి ఏడాది మళ్లీ అదే కథ. ఆర్టీసీలో ఏపీ వాళ్లకు వెన్నెల పేరుతో ఏసీ స్లీపర్లు, స్టార్‌లైనర్ పేరుతో నాన్ ఏసీ స్లీపర్లు ఉన్నాయి, తెలంగాణ ఆర్టీసీకి లహరి స్లీపర్లున్నాయి. మా వైపుకి కావలసిన రోజున కావలసిన బెర్తు దొరకడం కష్టం గానీ, దొరికితే నేను మొదట అదే చూస్తాను, మరీ ముఖ్యంగా అమ్మ ఒక్కతే వెళ్లేటప్పుడు. కారణం బెర్తు కాదు, బెర్తు ప్రైవేటు బస్సులోనే మెత్తగా ఉంటుంది. హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లో ప్లాట్‌ఫామ్ నంబరుంటుంది, లైట్లుంటాయి, కూర్చోడానికి చోటుంటుంది, విచారణ కౌంటరుంటుంది, బస్సు ముందు అద్దం మీద ఊరి పేరు తెలుగులో ఉంటుంది. ఎవర్నీ అడగకుండా మా అమ్మ బస్సు ఎక్కగలదు.

ప్రయాణం అయిన మర్నాడు యాప్ నుంచి రేటింగ్ అడుగుతూ మెసేజ్ వచ్చింది. బస్సు శుభ్రత, స్టాఫ్ ప్రవర్తన, టైముకు రావడం, ఏసీ, డ్రైవింగ్, వీటికి స్టార్లు ఇవ్వమంది. ఇచ్చాను, అన్నిటికీ నాలుగు, స్టాఫ్‌కి అయిదు. పికప్ పాయింటు గురించి ప్రశ్నే లేదు. కింద మీ అభిప్రాయం రాయండి అని ఉన్న గడిలో మూడు రాశాను: టికెట్ మీద మెట్రో పిల్లర్ నంబరు, రోడ్డు ఏ వైపో వేయండి. వచ్చేది వ్యాను అయితే వ్యాను అని చెప్పండి, దాని నంబరు ఇవ్వండి. ప్రయాణం చేసే మనిషి ఫోను నంబరు విడిగా అడిగి, ఆ మనిషికి తెలుగులో చెప్పండి. మీరు ఈ రూట్లో ఎక్కితే మీరూ ఆ గడిలో ఇవే రాయండి, పదిమంది రాస్తే చదువుతారు.